యాభై ఇళ్ళు, పది మైళ్ళ రైలు దారి

న్యూజెర్సీలో ఎడిసన్ అంటే మనవాళ్ళకి శాస్త్రవేత్త పేరు కాదు, ఊరి పేరు. ఓక్ ట్రీ రోడ్డు మీద పట్టుచీరలూ, నగలూ, కరివేపాకూ దొరికే ఊరు. హైదరాబాదులోనో వైజాగులోనో ‘మా అమ్మాయి ఎడిసన్‌లో ఉంటుంది’ అని ఎవరైనా అంటే ఇంకేం వివరించక్కర్లేదు. 1954 దాకా దీని పేరు రారిటన్ టౌన్‌షిప్. థామస్ ఎడిసన్ 1876లో ప్రయోగశాల పెట్టుకున్న మెన్లో పార్క్ దీని పరిధిలోనే ఉంది కాబట్టి ఆయన పేరు పెట్టుకున్నారు.

ఇదే రాష్ట్రంలో అంతకుముందే ఇంకో ఎడిసన్ ఉండేది. ఉత్తరాన ససెక్స్ కౌంటీ కొండల మీద, ఇనుప గనుల పక్కన. 1890లలో వెలిసింది, 1900 నాటికి మూతపడింది. ఇప్పుడక్కడ చెట్ల మధ్య రాతి పునాదులూ, పాత గోతులూ తప్ప ఏమీ లేవు. ఆ కొండల్లోకి పోయే రైలు దారి మాత్రం కొంత మిగిలింది. ఆ దారి గురించీ, దాని కొసన కట్టిన 50 ఇళ్ళ గురించీ రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ ఇళ్ళు ఎందుకు కట్టారో తెలిశాకే నేనీ దేశంలో ఎందుకిలా ఉన్నానో నాకు కాస్త అర్థమైంది.

నా సంగతి కొంత చెప్పాలి. తెలుగు కథల్లో ఇంటిచాకిరీ చిత్రణ మీద హైదరాబాదులో పిహెచ్‌డి చేశాను. పట్టా చేతికొచ్చిన ఏడాదే, 2017లో, నా సహచరుడి ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చాను. అతనిది హెచ్-1బి వీసా. నాది హెచ్-4, అంటే అతని మీద ఆధారపడిన మనిషికిచ్చే వీసా. ఉండొచ్చు, చదువుకోవచ్చు, జీతానికి పనిచేయకూడదు. ‘ఆధారపడడం’ అన్న మాట చుట్టూ ఐదేళ్ళు పరిశోధన చేసిన దాన్ని, ఆ మాటనే పాస్‌పోర్టులో అంటించుకుని దిగాను. మొదటి నాలుగేళ్ళూ పబ్లిక్ లైబ్రరీ కార్డు తప్ప నాకే సంస్థా ఇచ్చిన గుర్తింపు లేదు. ఆ కార్డుతోనే ఈ ప్రాంతపు చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

మోరిస్, ససెక్స్ కౌంటీల కొండల్లో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉందని పద్దెనిమిదో శతాబ్దం నుంచే తెలుసు. తవ్వడం ఒక ఎత్తు, దాన్ని కిందికి చేర్చడం ఇంకో ఎత్తు. అంత బరువు రాయిని గుర్రబ్బళ్ళ మీద తేవాలంటే బాడుగే ఖనిజం ధరను మింగేసేది. కొండల దిగువన హొపాట్‌కాంగ్ సరస్సు ఉంది. మోరిస్ కాలువకు నీళ్ళిచ్చే సరస్సు అది. డెలావేర్ నది ఒడ్డునున్న ఫిలిప్స్‌బర్గ్ నుంచి జెర్సీ సిటీ దాకా 102 మైళ్ళ కాలువ. దారిలో కొండలు అడ్డొచ్చిన చోట పడవనే పట్టాల మీది బండికెక్కించి, నీటి శక్తితో వాలు పైకి లాగేవారు. అలాంటి ఏటవాలు దారులు 23 ఉండేవి. పెన్సిల్వేనియా బొగ్గు ఆ కాలువ మీదే తూర్పుకొచ్చేది. కాబట్టి ఖనిజాన్ని ఎలాగోలా సరస్సు దాకా తెస్తే చాలు, అక్కణ్ణించి పడవలున్నాయి.

ఆ పని కోసమే ఆగ్డెన్ మైన్ రైల్‌రోడ్ అనే చిన్న కంపెనీ 1864లో అనుమతి పొంది, 1866కల్లా లైను వేసింది. మొత్తం 10 మైళ్ళు. పైన ఆగ్డెన్ గనుల దగ్గర మొదలై, దారిలో ఫోర్డ్, వెల్డన్ గనులను కలుపుకుని, హర్డ్‌టౌన్ మీదుగా సరస్సు తూర్పు ఒడ్డునున్న నోలన్స్ పాయింట్‌కి చేరేది. మొదట్లో దానికి మరే రైలు మార్గంతోనూ కలయిక లేదు. కొండ మీద పుట్టి నీటి ఒడ్డున ఆగిపోయే ఒంటరి రైలు. రేవులో వ్యాగన్లలోంచి ఖనిజాన్ని పడవల్లోకి ఒంపేవారు. చలికాలంలో కాలువ మూసేసేవారు, దాంతో ఖనిజం కదలికా ఆగేది. 1882లో సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ చేతుల్లోకి వెళ్ళి పెద్ద లైనుతో కలిశాక పడవల అవసరం తగ్గింది. ఖనిజం దిగిన రేవుకే నగరాల నుంచి విహారయాత్రికులు రావడం మొదలైంది.

వైజాగులో పెరిగిన నాకు ఇది కొత్త కథ కాదు. అరకు రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకునే మనం ఆ లైను మన షికార్ల కోసం వేసింది కాదని మర్చిపోతాం. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం అది. గని రైలు ఎక్కడైనా అంతే. ఖనిజం ఉన్న చోటికీ, అమ్ముడయ్యే చోటికీ మధ్య గీసిన గీత. ఆ గీత పొడవునా బతికిన మనుషులు టన్నుకింత ఖర్చు అనే లెక్కలోకి వస్తే వస్తారు, లేకపోతే లేదు.

ఆగ్డెన్ లైనులో కొంత భాగం ఇప్పుడు మోరిస్ కౌంటీ వాళ్ళ మాలన్ డికర్సన్ రిజర్వేషన్ అనే అడవి పార్కులో నడకదారి. మాలన్ డికర్సన్ ఈ రాష్ట్రానికి గవర్నరుగా, ఆండ్రూ జాక్సన్ దగ్గర నౌకాదళ మంత్రిగా చేసినాయన. ఇనుప గని యజమాని కూడా. మా అపార్ట్‌మెంట్లలోనే ఉండే ఒకావిడతో కలిసి ఓ శనివారం అక్కడికెళ్ళాను. గుంటూరువైపు ఆవిడ, నాకంటే పదేళ్ళు పెద్ద, అక్కా అని పిలుస్తాను. పెళ్ళికి ముందు బ్యాంకులో ఆఫీసరు. ఇక్కడికొచ్చాక మళ్ళీ ఉద్యోగం చెయ్యలేదు.

పట్టాలు ఎప్పుడో తీసేశారు. ఇది రైలు దారి అని తెలిసేది దాని చదునుని బట్టే. చుట్టూ రాళ్ళగుట్టలు ఎగుడుదిగుడుగా ఉంటే కాళ్ళ కింద నేల మాత్రం మెల్లగా, ఆయాసం రానివ్వకుండా సాగిపోతుంది. ఎత్తున్న చోట కొట్టి, పల్లమున్న చోట నింపి సాపు చేశారు.

“ఇంత దూరం వచ్చింది ఈ చదును నేల చూడ్డానికా, అమ్మాయ్?” అంది అక్క.

“చదును చేసిందెవరో ఆలోచిస్తున్నానక్కా” అన్నాను.

“నీకు ఎక్కడికెళ్ళినా అదే గోల. అయినా మంచి పని ఎప్పుడూ కనపడదులే. మా ఇంట్లో గిన్నెలు కడిగిన రోజు ఎవరూ ఏమీ అనరు. కడగని రోజే అందరికీ కళ్ళు కనిపిస్తాయి.”

అక్క ఏ సిద్ధాంతమూ చదవలేదు. నా పిహెచ్‌డిలో రెండో అధ్యాయం మొత్తం చెప్పాలనుకున్నది ఆ మాటే.

నడుస్తూ నడుస్తూ ఎడిసన్ కథ ఆవిడకి చెప్పాను. ఆగ్డెన్ గనుల్లో మేలురకం ఖనిజం తరిగిపోతున్న కాలంలో ఎడిసన్ అక్కడ అడుగుపెట్టాడు. తక్కువరకం రాయిని పెద్ద పెద్ద రోలర్ల మధ్య నలిపి పొడి చేసి, ఆ పొడిని పైనుంచి విద్యుదయస్కాంతాల ముందుగా జారవిడవడం ఆయన పద్ధతి. ఇసుక తిన్నగా కిందపడుతుంది, ఇనుమున్న రేణువులు అయస్కాంతం వైపు ఒరిగి వేరేచోట పడతాయి. పొడిని నేరుగా కొలిమిలో వేస్తే పనికిరాదు కాబట్టి దాన్ని మళ్ళీ దిమ్మలుగా అచ్చు వెయ్యాలి. దాదాపు పదేళ్ళు, 20 లక్షల డాలర్ల పైచిలుకు దీని మీద పోశాడు. అదే సమయంలో మిన్నెసోటాలోని మెసాబీ కొండల్లో నేల పైపొరల్లోనే మేలురకం ఖనిజం బయటపడింది. ఆవిరి యంత్రాలతో పారపోసి ఎత్తి రైళ్ళకెత్తారు. ధర పడిపోయింది, ఎడిసన్ గని మూతపడింది. జీవితచరిత్రల్లో ఇది ఒక మహానుభావుడి గొప్ప ఓటమిగా, ఓటమిని నవ్వుతూ భరించిన కథగా వస్తుంది.

నేను ఆగిపోయింది ఆ ఓటమి దగ్గర కాదు. 1910లో ఫ్రాంక్ డయ్యర్, థామస్ మార్టిన్ అనే ఇద్దరు కలిసి ఎడిసన్ జీవితచరిత్ర రాశారు. అందులో గని అధ్యాయంలో ఒక చిన్న ఉదంతం ఉంది. ఆ కొండ మీదికి నిపుణులైన పనివాళ్ళు రావడం లేదు. ఏం చేయాలి? మగవాళ్ళు ఇక్కడికి రావాలంటే ముందు ఆడవాళ్ళకి ఈ చోటు నచ్చేలా చేయాలి, నీటి కుళాయీ కరెంటు దీపాలూ ఉన్న ఇళ్ళు కట్టి తక్కువ అద్దెకిద్దాం అన్నాడట ఎడిసన్. ఒక్కరోజులో ఇంటి నమూనా గీశాడట. 50 ఇళ్ళు చకచకా కట్టేశారు. ఆ ఇళ్ళ వర్ణనతో మూడు రోజులు పత్రికల్లో ప్రకటన ఇస్తే 650కి పైగా దరఖాస్తులు వచ్చాయట. ఆ తర్వాత పనివాళ్ళ కొరత లేదు. పుస్తకంలో ఆ ఉదంతం అక్కడితో అయిపోతుంది.

“బాగానే చూసుకున్నాడుగా మరి” అంది అక్క. “ఆ కాలంలో కుళాయీ కరెంటూ అంటే మాటలా?”

నిజమే, మాటలు కాదు. అమెరికాలో కూడా అప్పటికి చాలా ఇళ్ళలో కరెంటు లేదు. కొండ మీద నీళ్ళు మోసే చాకిరీ తప్పిందంటే ఆ ఆడవాళ్ళకి అదెంత ఊరటో ఊహించగలను. బిందెలతో నీళ్ళు మోసిన వాళ్ళ మనవరాళ్ళమే కదా మనం. కాని ఆ వాక్యాన్ని ఇంకోసారి చూడండి. ఆడవాళ్ళ సౌకర్యం అందులో గమ్యం కాదు, దారి. గమ్యం ఖనిజం. ఖనిజానికి రైలు ఎలాగో, మగవాడి శ్రమను కొండ మీదికి తెచ్చి అక్కడే నిలిపి ఉంచడానికి ఆ ఇల్లూ, ఆ ఇంట్లో ఆడమనిషీ అలాగ. ఆ 650 దరఖాస్తుల్లో ఒక్కటి కూడా ‘ఈ ఇల్లు నడపడానికి నేను వస్తాను, నాకెంతిస్తారు’ అని అడిగి ఉండదు. అలా అడగడానికి ఆ ప్రకటనలో చోటు లేదు.

ఆ ఇళ్ళలో ఎవరుండేవారో తెలుసుకోవాలనిపించింది. మన దగ్గర స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ళు బతికే ఉన్నారు. ఎదురుగా కూర్చుని అడగగలిగారు. నాకు అడగడానికి ఎవరూ లేరు. జనాభా లెక్కల కాగితాలున్నాయి, అవి ఇంటర్నెట్‌లో చూడొచ్చు.

1880 లెక్కల్లో గనుల టౌన్‌షిప్‌ల పుటలు చూస్తూ కూర్చుంటే ఒకే వరస మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఇంటి యజమాని, పని: ఇనుప గనిలో కూలి. కింద భార్య, పని: ‘కీపింగ్ హౌస్’. కింద పిల్లలు. ఆ కింద ఇద్దరో ముగ్గురో ‘బోర్డర్లు’, వాళ్ళదీ గని పనే. అంటే ఆ ఇల్లాలు తన మొగుడికీ పిల్లలకే కాక ఇంకో ముగ్గురు గని కూలీలకి వండి, గని మట్టి పట్టిన బట్టలుతికి, పక్కలు వేసేది. వాళ్ళు తిండికీ వసతికీ ఇచ్చే డబ్బు ఇంటి ఆదాయం. ఆవిడ పని గడిలో మాత్రం ‘ఇల్లు చూసుకోవడం’. లెక్కలు రాసేవాళ్ళకి 1870లోనే ఇచ్చిన సూచనల్లో ఇంకో ముక్క ఉంది. సొంత కుటుంబానికి ఇల్లు నడిపే స్త్రీని ‘కీపింగ్ హౌస్’ అని రాయాలి. ఆవిడకి సాయం చేసే ఎదిగిన కూతుళ్ళని ఏ పనీ లేనివాళ్ళుగా రాయాలి. తల్లీ కూతుళ్ళు ఒకే బట్టల మూటని చెరో చివరా పట్టుకుని పిండుతుంటే తల్లిది సగం పని, కూతురిది అసలు పనే కాదు.

ఇక ఎడిసన్ ఊరి సంగతి. అది బతికిందే 1890లలో. 1890 జనాభా లెక్కల పత్రాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి. మిగిలినవాటినీ తర్వాత పారేశారు. 1900 లెక్కలనాటికి ఊరే మూతపడింది. మధ్యలో 1895లో న్యూజెర్సీ రాష్ట్రం సొంతంగా తీసిన లెక్కలున్నాయి. అందులో పేర్లుంటాయి. ఏ వయసు వర్గమో, ఎక్కడ పుట్టారో స్థూలంగా ఉంటుంది. పని గడి లేదు. ఒకచోట పని గడి ఉంది, అందులో పని లేదు. ఇంకోచోట పేరుంది, గడే లేదు. ఇంకోచోట కాగితమే కాలిపోయింది. నిశ్శబ్దం ఒక్కలాగే ఉండదని, ప్రతి నిశ్శబ్దానికీ దానిదైన కారణం ఉంటుందని సాహిత్యంలో చదువుకున్నాను. అది ఇంత విడివిడిగా కనబడింది మాత్రం ఇక్కడే.

పైమెట్టున ఉన్న ఒక్క స్త్రీ గురించి మాత్రం కాగితాలు పుష్కలంగా ఉన్నాయి. ఎడిసన్ రెండో భార్య మైనా మిల్లర్. వారమంతా ఆయన గని దగ్గర ఉంటే ఆవిడ వెస్ట్ ఆరెంజ్‌లోని గ్లెన్‌మాంట్ అనే పెద్ద భవంతిలో పిల్లలతో ఉండేది. అక్కణ్ణించి ఆయన రాసిన ఉత్తరాలు కొన్ని రట్గర్స్ విశ్వవిద్యాలయం నడిపే ఎడిసన్ పత్రాల సేకరణలో ఉన్నాయి. మైనా తనని తాను ‘హోమ్ ఎగ్జిక్యూటివ్’ అని చెప్పుకునేది. ఆ మాట నాకు నచ్చింది. ఇల్లు నడపడం ఒక నిర్వహణ అని, దానికి తెలివీ లెక్కా కావాలని ఆవిడకి తెలుసు. కాని తన పనికి తనే పేరు పెట్టుకునే వెసులుబాటు ఆవిడకి ఎలా వచ్చింది? ఇంటినిండా పనివాళ్ళుండడం వల్ల వచ్చింది. కొండ మీది 50 ఇళ్ళలో ఉన్నవాళ్ళకి లెక్కల గుమాస్తా ఏ పేరు పెడితే అదే. మనం ‘స్త్రీల శ్రమ’ అని ఒకే మాటలో అనేస్తాం గానీ, ఆ మాటలో గ్లెన్‌మాంట్ వంటింటి పనిమనిషీ, యజమానురాలూ పక్కపక్కనే నిలబడలేరు.

ఇంతకీ ఆ 50 ఇళ్ళు నన్నెందుకు పట్టుకున్నాయో చెప్పాలి. 2015 మే నెలలో ఒక నిబంధన అమల్లోకొచ్చింది. గ్రీన్‌కార్డు దారిలో ఒక దశ దాటిన హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములు, అంటే హెచ్-4 వాళ్ళలో కొందరు, పని చేసుకోవడానికి అనుమతి అడగొచ్చు. నాకు 2021లో అలాగే దొరికింది. ఒక కాలేజీలో గంటల లెక్కన రచన పాఠాలు చెబుతున్నాను. ఈ నిబంధన కోసం మనాడవాళ్ళు చాలామంది గొంతెత్తారు. దాని విలువ నాకు తెలుసు. అయినా, ఆ ఉత్తర్వు పూర్తి పాఠం తీసి చదివితే, ఎందుకిస్తున్నామో వాళ్ళు ఇచ్చుకున్న ప్రధాన కారణం ఏమిటి? నిపుణులైన హెచ్-1బి ఉద్యోగులు గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడలేక, కుటుంబం ఒక్క జీతం మీద నెట్టుకురాలేక, దేశం వదిలి పోకుండా ఉండడానికి! సంస్థలు వాళ్ళని నిలుపుకోవడానికి! చదువుతుంటే నాకు కొండ మీది ఇళ్ళు గుర్తొచ్చాయి. మగవాళ్ళు నిలవాలంటే ముందు ఆడవాళ్ళకి నచ్చేలా చేయాలి. నూటపాతికేళ్ళు తిరక్కముందే అదే మాట. అప్పుడు కుళాయీ దీపమూ, ఇప్పుడు పని అనుమతి కార్డు. నా చదువు, నా పని, నా జీతం... ఇవన్నీ ఆ కాగితంలో నా హక్కుగా రాలేదు. ఇంకొకరిని నిలిపి ఉంచే ఏర్పాటులో భాగంగా వచ్చాయి.

అలా వచ్చినదానికి అలాంటి బలహీనతే ఉంటుంది. అతని వీసా గడువే నా కార్డు గడువు. అతను ఉద్యోగం మారితే నా కాగితాలూ కదలాలి. వచ్చే సెమిస్టర్‌కి రెండు తరగతులు తీసుకుంటారా అని కాలేజీ వాళ్ళు అడిగారు. కొత్త కార్డు చేతికొచ్చేదాకా ‘సరే’ అని చెప్పలేను. ఇద్దరం సమానంగా ఉందామని రిజిస్టర్ పెళ్ళి చేసుకున్న వాళ్ళం. ఇంట్లో వంతుల ప్రకారమే పని చేసుకుంటాం. కాని చట్టం మా ఇద్దరి మధ్య గీసిన గీతని మా వంతులు చెరపలేవు. ఈ విషయం మీద మేం పోట్లాడుకున్న రోజులున్నాయి. అతని తప్పు ఏమీ లేదని తెలిసీ పోట్లాడాను.

ఇక్కడి పన్ను ఫారం చివర, సంతకం పక్కన, వృత్తి రాసే గడులు రెండుంటాయి. ఒకటి మొదటి మనిషిది, రెండోది ‘స్పౌజ్’ది. మొదట్లో మా ఫారం నింపిన మనిషి నన్నడక్కుండానే నా గడిలో ‘హోమ్‌మేకర్’ అని టైపు చేశాడు. మర్యాదస్తుడే, ఆయనకి ఆ మాట తట్టడంలో ఆశ్చర్యం కూడా లేదు. కార్డొచ్చాక ‘టీచర్’ అని మార్చాడు. ఈ ఏడాది నేనే ‘రీసెర్చర్’ అని రాయించాను. “దానికి జీతమేమైనా వస్తుందా అమ్మా?” అని అడిగాడు. రాదన్నాను. “మరి?” అన్నాడు. “గడిలో జీతం ఎంత అని లేదు కదండీ, పనేమిటని ఉంది” అన్నాను. ఆయన నవ్వి టైపు చేశాడు.

అది పెద్ద విజయమని నేననుకోవడం లేదు. ఆ గడిలో ఏం రాసినా పన్ను ఒక్క డాలరు మారదు. నా సమస్య మాటల దగ్గర మొదలైంది గానీ మాటతో తీరేది కాదు. పని చేసే హక్కు ఎవరి వెంటా రాకుండా మనిషికి మనిషిగా రావాలి. ఇల్లు నడిపే శ్రమ లెక్కలోకి రావాలి. ఈ రెండు డిమాండ్లూ ఒకదానికొకటి అడ్డమన్నట్టు మన చర్చల్లో కొన్నిసార్లు మాట్లాడుకుంటాం. బయటి పనిని గౌరవిస్తే ఇంటి పనిని చిన్నచూపు చూసినట్టూ, ఇంటి పనికి విలువ కడితే ఆడవాళ్ళని ఇంట్లోనే ఉండమన్నట్టూ. బోర్డర్లకి వండిపెట్టిన ఆ గని ఇల్లాలి దగ్గర ఈ తేడా నిలవదు. ఆవిడ ఇల్లూ పనిచోటూ ఒకటే. ఆవిడకి రెండు గుర్తింపులూ దక్కలేదు.

అక్క ఈ మధ్య నాతో కలిసి కూర్చుంటోంది. 1880 పుటల్లోని చేతిరాత ఆవిడకి నాకంటే బాగా అర్థమవుతుంది. బ్యాంకు లెడ్జర్లు చదివిన కళ్ళు. నోలన్స్ పాయింట్ నుంచి కొండ దాకా ఆ రైలు దారి పక్క ఊళ్ళలో బోర్డర్లున్న ఇళ్ళు ఏరి, ఒక్కో ఇల్లాలు ఎంతమందికి వండేదో ఒక పట్టిక వేస్తున్నాం. ఆవిడ చదువుతుంది, నేను రాస్తాను. 1895 పేర్లు తర్వాత మొదలుపెడతాం. వ్యాసం అచ్చయినప్పుడు రచయితలుగా రెండు పేర్లుండాలని చెప్పాను. “నా పేరెందుకే, నేను ఖాళీగా ఉండి చేస్తున్నదేగా” అంది. ఆ మాట మీద మా ఇద్దరికీ ఇంకా వాదన తెగలేదు.